మూడు చుక్కలకు ఒక ఊఁ

1943 జూన్ 14, సోమవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు గిటారు నా చేతికి వచ్చింది. మదనపల్లె మిషన్ బాలికల బడిలో సంగీతం టీచరుగా అది నా మొదటి రోజు. పదింటికి హాజరు పట్టీలో సంతకం పెట్టాను. ఇరవై నిమిషాలు గడిచాక హెడ్మిస్ట్రెస్ దానమ్మగారు నన్ను సామాన్ల గదిలోకి పిలిచి, పాత చాపలో చుట్టిన ఒక వస్తువును బల్ల మీద పెట్టారు.

"ఇదేందో సూడు కరుణా. పోయిన దొరసానమ్మ ఈడనే వదిలిపెట్టి పోయింది. ఇది వీణకు తమ్ముడా, ఫిడేలుకు అన్నా?"

"గిటారండీ."

"వాయిస్తావా?"

"ఎప్పుడూ ముట్టుకోలేదండీ."

"మంచిది. అయితే నీకింకా చెడ్డ అలవాట్లు పట్టుకోలేదు. రేపట్నుంచి పిల్లోళ్ళకు నేర్పు."

అలా మొదలైన పని 1979 దాకా, ముప్పై ఆరేళ్ళు సాగింది. ఇప్పుడు గిటారు నేర్పే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను ఒకే మాట అడుగుతున్నారు: కుడిచేతి వేళ్ళలో ఏ వేలితో ఏ తీగ మీటాలి? జవాబు రెండు వాక్యాల్లో చెప్పవచ్చు. కాని ఆ రెండు వాక్యాలు నాకు తెలియడానికి పద్నాలుగు నెలలు పట్టింది. వాటి మధ్య ఒక హెడ్మిస్ట్రెస్, ఒక అమ్మాయి, ఒక ఆవు ఉన్నారు. అందుకని మొదటి నుంచీ చెబుతాను. జీతం ఎప్పుడు పెరిగింది, ఏ ఇన్స్పెక్టరు ఏమి రాశాడు అన్నవి ఇందులో ఉండవు.

చెదలు వదిలిన పుస్తకం

గిటారుతో పాటు ఒక ఇంగ్లీషు పాఠాల పుస్తకం కూడా ఉంది. అట్ట లేదు. మొదటి పదకొండు పేజీలు చెదలు తినేశాయి. నా పుస్తకం పన్నెండో పేజీతో మొదలై అరవయ్యో పేజీతో ముగిసింది. నలభై తొమ్మిది పేజీలు. పుస్తకంలోని గుర్తులకు అర్థం ఏమిటో చెప్పిన పేజీలు సరిగ్గా ఆ పదకొండులోనే ఉన్నాయని తర్వాత తెలిసింది.

పన్నెండో పేజీలో మొదటి పాఠం. ఒక్కో వరసకు నాలుగు స్వరాలు. ఒక్కో స్వరం కింద ఒక్కో గుర్తు: మొదటిదానికి సిలువ లాంటి గీత, రెండోదానికి ఒక చుక్క, మూడోదానికి రెండు చుక్కలు, నాలుగోదానికి మూడు చుక్కలు. పేజీ నిండా అదే వరస.

నేను చిన్నప్పుడు స్వరాలు నేర్చుకున్నది ఒక అయ్యవారి దగ్గర. ఆయన పలక మీద స రి గ మ రాసి, కింద చుక్క పెడితే అది మంద్రస్థాయి. అంటే అదే స్వరం ఒక మెట్టు కిందికి. కాబట్టి చుక్క కనబడగానే నాకు మంద్రస్థాయే గుర్తుకు వచ్చింది. అయినా ఊరికే నమ్మే మనిషిని కాను. పుస్తకంలోని స్వరాన్ని హార్మోనియం మీద నొక్కి, అదే స్వరాన్ని గిటారు మీద మీటి చూశాను. గిటారు ఒక స్థాయి కిందే పలికింది! గిటారుకు రాసే స్వరాలు ఎప్పుడూ అలాగే ఒక స్థాయి కింద పలుకుతాయని నాకప్పుడు తెలియదు. "ఒక చుక్క, ఒక స్థాయి. లెక్క సరిపోయింది" అని నోటు పుస్తకంలో రాసుకున్నాను. తేదీ కూడా వేశాను: జూన్ 17.

పిల్లలూ, లెక్క సరిపోయిన తప్పు కన్నా మొండి తప్పు ఇంకొకటి లేదు.

రెండు చుక్కలంటే రెండు స్థాయిలు కింద. ఆ స్వరం ఈ వాద్యంలో లేదు. తరగతిలో పద్నాలుగు మంది. అందరూ నోరు మూసుకొని "మ్" అనాలని తీర్మానించాను. మూడు చుక్కల స్వరం మాత్రం ఆడపిల్లల గొంతులకు అందేది కాదు. దానమ్మగారి దగ్గరికి వెళ్ళి నా కష్టం చెప్పుకున్నాను.

దానమ్మగారు నాలుగడుగుల పది అంగుళాల మనిషి. గొంతు మాత్రం బావిలో నుంచి వచ్చినట్టు ఉండేది. ప్రార్థనలో ఆవిడ ఆమెన్ అంటే బెంచీ చెక్కలు అదిరేవి. పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకొని చూసి, "దీనికేముందమ్మా, ఈ మూడు చుక్కలకు నేనొచ్చి ఊఁ అంటాను" అన్నారు.

"మరి ఈ సిలువకు అర్థం ఏమిటండీ?"

"అది అడగాల్నా? సిలువ వచ్చిన చోట తల వంచాల. దొరసానమ్మ భక్తురాలు."

అదీ మా పద్ధతి. సిలువ స్వరం మీటి తల వంచడం. ఒక చుక్క స్వరం మీటడం. రెండు చుక్కలకు తరగతి అంతా మ్ అనడం. మూడు చుక్కలకు దానమ్మగారు ఊఁ అనడం. టంగ్, వంగు, టింగ్, మ్, ఊఁ. ఇలా పేజీ నిండా ముప్పై రెండు సార్లు. పిల్లలకు ఆ పాఠం ఎంత నచ్చిందంటే అన్నం గంట కొట్టినా లేచేవాళ్ళు కాదు.

మునెమ్మ

పద్నాలుగు మందిలో మునెమ్మ అనే అమ్మాయి ఉండేది. పదహారేళ్ళు. కుప్పం దగ్గర గుడుపల్లె. వాళ్ళమ్మ పట్టుగూళ్ళను మరిగే నీళ్ళలో వేసి దారం తీసే కొట్టంలో పని చేసేది. మునెమ్మ కూడా తొమ్మిదో ఏట నుంచి అక్కడే కూర్చుంది. ఆ ఏడే మరిగే నీళ్ళు పడి కుడిచేతి ఉంగరపువేలు కాలింది. మానిన తర్వాత అది అరచేతి వైపు వంగి అలాగే ఉండిపోయింది. మళ్ళీ తెరుచుకోలేదు.

మిగిలిన మూడు వేళ్ళు మాత్రం! పట్టుగూడు నుంచి కంటికి కనబడని దారపు కొసను బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కలిపి పట్టుకోవడం ఆమెకు అలవాటు. గిటారు మీద కూడా అదే పట్టు. పాఠం అయిపోయాక తన సొంతంగా జోల పాటలు మీటుకుంటూ కూర్చునేది. ఒక్క తీగ కూడా గరగరమనేది కాదు.

ఒకసారి లావు తీగ తెగింది. యుద్ధం రోజులు, కొత్త తీగ దొరకడమే కష్టం. తెగిన కొసను మునెమ్మ గోటితో విప్పి చూసి అరిచింది.

"టీచరమ్మా! దీని కడుపులో పట్టుండాది!"

నిజమే. పైన వెండి రంగు సన్న తీగ చుట్టి ఉంది, లోపల పట్టు పోగులు. "మా అమ్మ తీసినదే ఏమో" అంటూ ఆ పిల్ల నవ్విన నవ్వు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆమెకు ఒక్కటే కోరిక. కుప్పంలో మిషన్ వాళ్ళు పసిపిల్లల బడి పెట్టబోతున్నారని, గిటారు వాయిస్తూ పిల్లల చేత పాడించగల అమ్మాయిని మా బడి నుంచే తీసుకుంటారని దానమ్మగారు చెప్పారు. 1944 ఆగస్టులో పరీక్ష. పరీక్ష పెట్టేది నేను. ఆ ఉద్యోగం వస్తే మునెమ్మ టీచరమ్మ. రాకపోతే మళ్ళీ మరిగే నీళ్ళ ముందు కూర్చోవాలి. మధ్యలో ఇంకో దారి లేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

పుంగనూరులో

1943 డిసెంబరు 19, ఆదివారం, క్రిస్మస్ ముందు పాటల కార్యక్రమానికి పుంగనూరు వెళ్ళాం. బొగ్గుతో నడిచే బస్సు. రెండు చోట్ల దిగి తోశాం. అందరి ముఖాలూ మసి. తుడుచుకునే వ్యవధి కూడా లేదు, నేరుగా మిషన్ గుడిలోకి వెళ్ళి నిలబడ్డాం.

మునెమ్మ వాయించింది. టంగ్. పద్నాలుగు తలలు వంగాయి. పాట కొత్త కదా, మేము వంగితే వంగాలేమో అని గుడిలో కూర్చున్న సంఘం కూడా వంగింది. టింగ్. మ్. దానమ్మగారు ఊఁ అన్నారు. కిటికీ రెక్క కదిలింది.

మూడో వరసలో ఊఁ అనగానే బయటి నుంచి "అంబా" అని జవాబు వచ్చింది.

పుంగనూరు ఆవు సంగతి తెలియనివాళ్ళకు చెబుతున్నాను, అది మూడడుగుల ఎత్తు ఉంటుంది, కానీ గొంతుకు ఆ కొలత వర్తించదు. నాలుగో వరసలో దానమ్మగారు ఊఁ అంటే కిటికీ కింద నుంచి మళ్ళీ అంబా. ఐదో వరసకు కొమ్ములు కనబడ్డాయి. వీధిలో ఎవరో షావుకారు గొంతు చించుకొని అరుస్తున్నాడు.

"ఎవురిదప్పా ఈ ఆవు? తోలుకోండప్పా!"

"యాడికి తోలేది సామీ? లోపల ఇంగో ఆవుండాది. దానికి బదులు చెప్తాండాది!"

గుడిలో ఒక్కరు కూడా నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి అందరూ తలలు ఇంకా కిందికి వంచారు. ఆ రోజు పుంగనూరు సంఘంలో కనబడినంత భక్తి నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. దానమ్మగారు ముప్పై రెండు ఊఁలూ పూర్తి చేశారు. ఒక్కటి తగ్గించలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో దానమ్మగారు నా పక్కన కూర్చున్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

"కరుణా, నిజం చెప్పు. ఆవు శ్రుతిలో ఉండిందా?"

"అర స్వరం తక్కువండీ."

"నేను?"

"మీరు సరిగ్గా ఉన్నారండీ."

"సాలు," అని ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు ఎగురుతున్నాయి. ఆ తర్వాత బస్సులో నవ్వనివాళ్ళు లేరు. డ్రైవరు మేము దేనికి నవ్వుతున్నామో తెలియకుండానే నవ్వాడు.

కుప్పం స్టేషన్ వెనక

1944 మే 9, మంగళవారం. పసిపిల్లల బడి గది చూడడానికి కుప్పం వెళ్ళాను. స్టేషన్ వెనక రైల్వే ఇళ్ళ దగ్గర నడుస్తుంటే లోపలి నుంచి గిటారు వినబడింది. ఆరు తీగలూ ఒకేసారి నడుస్తున్నాయి. నేను అలాంటి శబ్దం అంతవరకు వినలేదు. సిగ్గు విడిచి తలుపు కొట్టాను. ఆవిడ రైలు గార్డు గారి భార్య, ఆంగ్లో ఇండియన్. ఊళ్ళో అందరూ డాలమ్మ అనేవాళ్ళు. సంచిలో ఎప్పుడూ నాతో ఉండే నా పుస్తకం తీసి, నేను ఎలా నేర్పుతున్నానో గర్వంగా చెప్పాను. మర్యాద కోసం దానమ్మగారి ఊఁ కూడా నేనే అని చూపించాను.

డాలమ్మ కుర్చీలో నుంచి జారి నేల మీద కూర్చుంది. నవ్వి నవ్వి కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. లేపబోతే వద్దని చేయి ఊపింది.

"ఇంకోసారి చెయ్యమ్మా. ప్లీజ్. ఆ ఊఁ ఇంకోసారి."

చేశాను. ఇంకో పది నిమిషాలు పోయాయి. చివరికి తన కుడిచేయి నా ముందు పెట్టి ఒక్కో వేలూ చూపించింది.

"సిలువ, థంబ్. ఒక చుక్క, ఈ చూపుడువేలు. రెండు చుక్కలు, నడిమివేలు. మూడు చుక్కలు, ఈ ఉంగరపువేలు. అంతే. స్వరం గీతల మీద ఉండాది, ఏ వేలో కింద ఉండాది. పదకొండు నెలలు ఆ పెద్దావిడ చేత ఊఁ అనిపిస్తివా?"

"అనిపించానమ్మా."

"ఆమె అన్నిందా?"

"ముప్పై రెండు సార్లు. పుంగనూరులో కూడా."

ఆవు సంగతి చెప్పలేదు. అప్పటికే ఆవిడకు ఊపిరి అందడం లేదు.

నా నియమం

ఇక్కడ నా అసలు తప్పు రాస్తాను. ఇంతవరకు రాసింది తెలియనితనం, దానికి నవ్వుకోవచ్చు. దీనికి నవ్వలేను.

తనను చూసి ఎవరో నవ్వారని తెలిసిన మనిషి మరీ కఠినంగా తయారవుతుంది. తిరిగి వస్తూ రైల్లో పన్నెండో పేజీ ముందు పెట్టుకొని ఒక నియమం రాశాను. బొటనవేలు లావు తీగలు మూడింటికి. చూపుడువేలు మూడో తీగకు. నడిమివేలు రెండో తీగకు. ఉంగరపువేలు మొదటి తీగకు, అంటే అన్నిటికన్నా సన్నదానికి. ఒక తీగకు ఒక వేలు, మార్చకూడదు. డాలమ్మ నాకు గుర్తుల అర్థం చెప్పింది, అంతే. ఈ నియమం ఆవిడ చెప్పలేదు. పుస్తకం కూడా చెప్పలేదు. ఒక్క పేజీ చూసి నేనే కట్టాను. పరీక్షకు మార్కులు కూడా దాని మీదే: వేలికి ఇరవై ఐదు, మొత్తం నూరు. డెబ్భై ఐదు వస్తే పాసు.

మునెమ్మకు ఆ వేలు తెరుచుకోదని నాకు తెలియదా? తెలుసు. సాధన చేస్తే విప్పుకుంటుందని నిజంగా నమ్మాను. జూన్ 12 నుంచి ఆగస్టు 4 వరకు యాభై నాలుగు రోజులు. ఆదివారాలు ఏడు తీసేస్తే నలభై ఏడు. రోజుకు అరగంట. బట్ట పేలికతో ఆ వేలిని నడిమివేలికి కట్టి మొదటి తీగ మీటించాను. ఆ పిల్ల ఒక్కసారి మాత్రం అడిగింది.

"టీచరమ్మా, ఈ తీగ నాకు ఈ వేలితో కూడా పలుకుతాది కదా," అని చూపుడువేలితో మీటి చూపించింది. స్వచ్ఛంగా పలికింది. "యాల వద్దంటారు?"

"ఆ తీగకు ఆ వేలే. నియమం."

పేలిక తీసుకుంది. మళ్ళీ కట్టుకుంది. జోల పాటలు మీటుకోవడం జూలై మొదటి వారంలో మానేసింది. అది నేను గమనించాను, మంచిదే, పాఠం మీద శ్రద్ధ పెడుతోంది అని నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఆ పేజీ చించలేదు. మీరు చూడాలంటే ఇప్పటికీ ఉంది.

పరీక్ష

1944 ఆగస్టు 5, శనివారం, మూడు గంటలకు. కుప్పం నుంచి పాస్టరు యేసుదాసప్పగారు వచ్చారు. కొత్త బడికి ఆయనే పెద్ద. ఒక చెవి సరిగా వినబడదు, రెండో చెవిని దానమ్మగారి వైపు పెట్టి కూర్చున్నారు. నేను మార్కుల కాగితం పట్టుకొని పక్క బల్ల దగ్గర ఉన్నాను. మునెమ్మ స్టూలు మీద.

పన్నెండో పేజీ. బొటనవేలు, చూపుడు, నడిమి సరిగ్గా పడ్డాయి. నాలుగో లెక్కకు ఉంగరపువేలు తీగను అందుకోలేదు. అక్కడ శబ్దం లేదు. ఖాళీ. మళ్ళీ టంగ్, టింగ్, టింగ్, ఖాళీ. మూడో వరస, ఖాళీ. పాట రాగమంతా ఆ సన్న తీగ మీదే ఉంది. రాగం లేని పాట ఎలా ఉంటుందో చూడండి, తలుపు లేని గుమ్మంలా. సన్న తీగకు చూపుడువేలు చాలునని మునెమ్మకు తెలుసు. అయినా చెప్పిన నియమం తప్పలేదు. నేను కాగితం మీద రాశాను: బొటనవేలు 25, చూపుడు 25, నడిమి 24, ఉంగరపు 0. కూడితే 74. ఒక్క మార్కు తక్కువ.

నాలుగో వరస అయింది. యేసుదాసప్పగారికి సంగీతం పట్టదు. పిల్ల నెమ్మదస్తురాలిగా కనబడింది, అది చాలు ఆయనకు. దానమ్మగారి చెవి దగ్గర వంగి గట్టిగానే అడిగారు.

"ఏమ్మా, ఈ పాపనే తీసుకొందామా?"

సరిగ్గా అప్పుడే ఐదో వరస నాలుగో లెక్క వచ్చింది. తీగ పలకలేదు. ఒక ఏడాది పాటు ఆ ఖాళీని నింపింది దానమ్మగారు. ఆవిడ కళ్ళు మూసుకొని కాలితో లెక్క వేసుకుంటూ వింటున్నారు. పాస్టరు అడిగింది వినలేదు. ఖాళీ రాగానే అలవాటుగా, నిండుగా, కడుపులో నుంచి అన్నారు.

"ఊఁ."

కిటికీ రెక్క కదిలింది.

"సరే," అని యేసుదాసప్పగారు తన పుస్తకంలో మునెమ్మ పేరు రాసేశారు.

నేను లేచి నిలబడ్డాను. "అయ్యగారూ, మార్కులు..."

"హెడ్మిస్ట్రెస్ గారే ఊఁ అన్యాక మార్కులెందుకమ్మా?"

దానమ్మగారు కళ్ళు తెరిచారు. ఆయన పుస్తకం చూశారు. నా చేతిలో కాగితం చూశారు. ఏమి జరిగిందో ఆవిడకు అర్థమైందని ఆవిడ ముక్కు చూస్తే తెలిసింది, నవ్వు వస్తే ముందు ముక్కు కదిలేది. కాగితం తీసుకొని నా డెబ్భై నాలుగు చదివారు. మడత పెట్టి జాకెట్టులో దోపుకున్నారు.

"అవునయ్యా. అన్నాను. అంటే అన్నట్టే."

తర్వాత మునెమ్మ వైపు తిరిగి, "ఏమ్మే, ఇంగ ఆ కట్టు ఇప్పేసి పిల్లోళ్ళ పాట ఒకటి వాయించు. నీ మాదిరిగా" అన్నారు.

మునెమ్మ పేలిక విప్పింది. వేలిని అరచేతిలో ముడిచి పెట్టుకుంది. నెల రోజులుగా ముట్టని జోల పాట ఎత్తుకుంది. సన్న తీగ మీద చూపుడు, నడిమి, చూపుడు, నడిమి, నడిచే మనిషి రెండు కాళ్ళలా. యేసుదాసప్పగారు వినబడని చెవిని కూడా ఇటు తిప్పారు.

ఆదివారం లెక్క

మర్నాడు ఆగస్టు 6, ఆరాధన అయ్యాక మునెమ్మ పుస్తకం తెచ్చి ముప్పై ఒకటో పేజీ తీసింది. ఆమెకు ఇంగ్లీషు రాదు, చుక్కలు వచ్చు.

"నిన్న చెప్దామంటే భయమాయె. ఈడ సూడండి టీచరమ్మా. సన్న తీగే. కింద ఒక చుక్క, రెండు చుక్కలు, ఒక చుక్క, రెండు చుక్కలు. నేను వాయించేది ఇదే కదా?"

అదే. పుస్తకమే నా నియమాన్ని ముప్పై ఒకటో పేజీలో కొట్టేసింది. ఆ పేజీ నా దగ్గర పద్నాలుగు నెలలు ఉంది. లెక్కలు పెట్టుకునే మనిషినని పేరు. ఒక్కసారి లెక్కపెట్టలేదు.

ఆ మధ్యాహ్నం కూర్చొని నలభై తొమ్మిది పేజీలూ లెక్కపెట్టాను. సిలువలు 1,340. ఒక చుక్కలు 1,122. రెండు చుక్కలు 1,018. మూడు చుక్కలు 291. మొత్తం 3,771. అంటే ఉంగరపువేలికి వచ్చే పని దాదాపు పదమూడింటికి ఒకటి. నేను దానికి నాలుగింట ఒక వంతు మార్కులు పెట్టాను. పని ప్రకారం మార్కులు పంచి చూస్తే మునెమ్మకు తొంభై ఒకటి వచ్చింది. రెండుసార్లు కూడి చూశాను. మళ్ళీ తొంభై ఒకటే.

ఆ కాగితం తీసుకుపోయి దానమ్మగారికి చూపించి తప్పు ఒప్పుకున్నాను. ఆవిడ చదివి, "ఒక్క ఊఁ తో పదిహేడు మార్కులు వేసినానన్న మాట" అన్నారు. మళ్ళీ ముక్కు కదిలింది.

మునెమ్మకు కూడా చెప్పాను. క్షమించమ్మా అన్నాను. ఆమె వేలు చూసుకొని, "పోనీలెండి టీచరమ్మా, దీనికి కూడా కొన్నాళ్ళు పని దొరికింది" అంది. పదిహేడేళ్ళ పిల్ల నాకు అంతకు మించి ఏ శిక్షా వేయలేదు.

మీరు అడిగినదానికి జవాబు

రెండు వాక్యాలు అన్నాను కదా. ముందు చేతిని చూడండి, తర్వాత పుస్తకం చూడండి. వేగంగా నడిచే చోట ఒకే వేలిని వరసగా రెండుసార్లు వాడకండి.

మిగిలినదంతా ఆ రెండింటి నుంచి వచ్చేదే. కష్టమైన చోట వేలు ఎంచుకోవడం మొదటి స్వరం నుంచి మొదలుపెట్టకండి. చివరి స్వరానికి ఏ వేలు సుఖంగా ఉంటుందో చూసుకొని వెనక్కి రండి. తీగ మారేటప్పుడు వేళ్ళు ఒకదాని మీద నుంచి ఇంకొకటి దాటాల్సి వస్తే ఎంపిక తప్పిందని అర్థం. మూడు తీగలు ఒకేసారి పలకాలంటే మూడు వేళ్ళు కావాలి, అక్కడ ఉంగరపువేలు నిజంగా పనికొస్తుంది. అది లేని చేతికి బొటనవేలు ఒక తీగ ఎక్కువ మోస్తుంది. బొటనవేలు బలమైనది, కాని తొందరపాటుది. నెమ్మది నేర్పాల్సింది దానికే.

ఉంగరపువేలిని తిట్టకండి. అరచేయి బల్ల మీద బోర్లా పెట్టి, నడిమివేలు లోపలికి మడిచి, ఉంగరపువేలు ఒక్కటే పైకెత్తి చూడండి. లేవదు. బాగున్న చేతికే లేవదు. దానికి మన పెద్దలు అనామిక అని, పేరు లేనిదని, పేరు పెట్టారు. దాన్ని నిందించే ముందు ఈ పని మీరు ఒకసారి చేయండి.

వేళ్ళ గుర్తులు పెన్సిలుతో రాయండి. సిరాతో రాసిన నా నియమం ఇంకా చెరగలేదు.

మునెమ్మ కుప్పంలో ముప్పై మూడేళ్ళు పసిపిల్లలకు పాటలు నేర్పింది. ఆమె పిల్లలు బొటనవేలిని సిలువ వేలనే అనేవాళ్ళు. ఒక ఏడు నేను చూడడానికి వెళితే అరవై మంది పిల్లలు పన్నెండో పేజీ పాఠం పాత పద్ధతిలో చేసి చూపించారు. వంగారు, మ్ అన్నారు, చివరికి అరవై గొంతులు కలిపి ఊఁ అన్నారు. చాలా ముద్దుగా ఉంది. కిటికీ రెక్క కదలలేదు. మునెమ్మ నా వైపు చూసింది. ఇద్దరం పొట్టలు పట్టుకొని నవ్వాం. ఆ తర్వాత ఆమె పమిటతో కళ్ళు తుడుచుకుంది, నేనూ తుడుచుకున్నాను.

పోయినవి

పుస్తకంలో మొదటి పేజీలు: పదకొండు. చెదలకు.

తీగలు, యుద్ధం ముగిసేలోపు: తొమ్మిది.

మునెమ్మ అరగంటలు: నలభై ఏడు, అంటే ఇరవై మూడున్నర గంటలు. నా వల్ల.

ఆ గంటల్లో ఆమె మీటకుండా ఉండిపోయిన జోల పాటలు: లెక్క తెలియదు.

గిటారు: ఒకటి. 1948 వానలకు అతుకులు విడిపోయింది.

దానమ్మగారు: 1949 ఫిబ్రవరి.

ఆవిడ ఊఁ: ఒకటి.